ఏ నీళ్ళలో దిగారు?

చెన్నై మాంబళంలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన తెలుగువారి సమావేశంలో విశ్రాంత పశువైద్యురాలు ఒకరు చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

ఎలుకల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఇందాక ముందు వరసల్లో ఉన్నవాళ్ళను పలకరిస్తూ వచ్చాను. గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, శ్రీకాళహస్తి అన్నారు, ఇద్దరు తెనాలి వైపు వాళ్ళమన్నారు. ఉద్యోగాలకో, వ్యాపారాలకో ఈ ఊరొచ్చి స్థిరపడ్డవాళ్ళమే అందరం. అయినా సగం మందికి అక్కడ ఎంతో కొంత పొలం ఉంది. కౌలుకిచ్చాం, ఏడాదికిన్ని బస్తాలని రాసుకున్నాం. నాదీ అంతే. అందుకే ఈ సంగతి మీకు చెప్పాలని వచ్చాను.

ఇంకో పది రోజులకు ఈశాన్య రుతుపవనాలు దిగుతాయి. నెల్లూరు వైపు నారుమళ్ళు పోస్తారు, ఆ తర్వాత దమ్ము, ఆ తర్వాత నాట్లు. పొద్దున ఏడింటికి మడిలో దిగిన మనిషి మధ్యాహ్నం దాకా నీళ్ళలోంచి కాలు తీయని నెలలు ఇవి. నేను చెప్పబోయే జబ్బు ఎలుక జ్వరం. అది ముఖ్యంగా ఈ నెలల్లోనే పైకి తేలుతుంది.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. 1996 డిసెంబరు. నేనప్పటికి వేపేరి వెటర్నరీ కాలేజీలో చదువు ముగించి, ఈ ఊళ్ళోనే కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేస్తున్నాను. నాయుడుపేట దగ్గర మా ఊరి నుంచి మా పెదనాయనను రైల్లో తీసుకొచ్చారు. అప్పటికి జ్వరం వచ్చి ఎనిమిదో రోజు. మొదటి మూడు రోజులు ఆయన ఎవరికీ చెప్పలేదు. "ఏం లేదమ్మాయ్, ఒళ్ళు నొప్పులు, పిక్కలు లాగేస్తా ఉండాయి, నాట్లు కదా" అన్నాడు. నాలుగో రోజు కళ్ళు ఎర్రబడ్డాయి. కళ్ళకలక అనుకున్నారు. అయిదో రోజు ఆ ఎరుపు మీదే పసుపు తేలింది. ఇంకేముంది, కామెర్లు. మన ఊళ్ళల్లో కామెర్లంటే ఏం చేస్తామో మీకు చెప్పక్కరలేదు. పసరు మందు పోయించారు. పథ్యం పెట్టారు. మూడు పూటలు పసరు తాగాక ఒంటేలు తగ్గిపోయింది. అప్పుడు భయపడి రైలెక్కించారు.

ఇక్కడ ఒక ఆసుపత్రిలో చేర్చాం. కామెర్లు కాబట్టి కాలేయం చూశారు. మందు తాగుతారా అని ముగ్గురు డాక్టర్లు మూడు సార్లు అడిగారు. జన్మలో ముట్టని మనిషి ఆయన. నాలుగోసారి అడిగేసరికి మా పెద్దమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రెండు రోజులు అలా గడిచాయి. మూడో రోజు రాత్రి డ్యూటీలో ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. దుప్పటి తీసి పిక్క మీద బొటనవేలితో నొక్కాడు. పెదనాయన మంచం మీద నుంచి లేచిపోయినంత పని చేశాడు. అప్పుడా అబ్బాయి అడిగాడు, "ఎన్న వేలై సెయ్యిరీంగ?" అని. ఏం పని చేస్తారు?

పది రోజుల జ్వరంలో ఆ మాట అడిగిన మొదటి మనిషి అతను.

"సేద్యం" అన్నాం. ఇప్పుడు నాట్లా అన్నాడు. అవునన్నాం. కాలికి దెబ్బలున్నాయా అని పాదాలు తిప్పి చూశాడు. మడమలు పగిలి, వేళ్ళ సందుల్లో ఒరుసుకుపోయి ఉన్నాయి. ఆ రాత్రే పెన్సిలిన్ మొదలైంది. నాలుగు సార్లు డయాలసిస్ చేయాల్సి వచ్చింది. మూడు వారాలకు మనిషి ఇంటికెళ్ళాడు.

ఇందులో నన్ను ఇప్పటికీ పట్టి ఉంచేది ఒకటుంది. అదే వారంలో నేను రెండు కుక్కపిల్లలకు ఈ జబ్బు రాకుండా టీకా వేశాను. కుక్కకు ఈ జబ్బు వస్తే కళ్ళు పచ్చబడతాయని, మూత్రపిండాలు దెబ్బతింటాయని, ఎలుక మూత్రం వల్ల వస్తుందని చదివి పరీక్ష రాసినదాన్ని. ఆ చేతులతోనే రెండు రోజులు పెదనాయన కాళ్ళు పట్టాను. నాకు తట్టలేదు. కుక్కలో చూస్తే గుర్తుపట్టేదాన్ని, మా ఇంటి మనిషిలో గుర్తుపట్టలేకపోయాను.

రెండోది ఇంకా బరువైనది. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తెలిసింది. అదే మడిలో, అదే వారం నాటు వేసిన ఒకామెకు జ్వరం వచ్చి, కళ్ళు పచ్చబడి, తొమ్మిదో రోజున పోయింది. ఊళ్ళో అడిగితే "జ్వరం వచ్చి పోయింది" అన్నారు. అంతే. ఆమెను రైలెక్కించేవాళ్ళు లేరు. ఏ లెక్కలోనూ ఆమె లేదు.

ఈ జబ్బు పేరు లెప్టోస్పైరోసిస్. తెలుగులో ఎలుక జ్వరం అంటున్నాం. దీనికి కారణమైన బాక్టీరియా స్క్రూలా మెలితిరిగిన సన్నటి పోగు. దాని మందం మైక్రాన్‌లో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులో, పదో వంతు. మామూలు మైక్రోస్కోపు కింద కనపడదు, డార్క్ ఫీల్డ్ మైక్రోస్కోపు కావాలి. చివరలు కొక్కెంలా వంగి ఉంటాయి. 1907లో స్టిమ్సన్ అనే అమెరికా వైద్యుడు, ఎల్లో ఫీవర్‌తో పోయాడనుకున్న ఒక రోగి మూత్రపిండంలో దీన్ని చూశాడు. ప్రశ్న గుర్తులా ఉందని ఆ అర్థం వచ్చేలా 'ఇంటెరోగాన్స్' అని పేరు పెట్టాడు. జబ్బును అంతకు ముందే, 1886లో, జర్మనీలో అడాల్ఫ్ వైల్ వర్ణించి ఉన్నాడు. ఈ రెండూ ఒకటేనని అప్పటికి ఎవరికీ తెలియదు. 1915లో జపాన్‌లో ఇనాడా, ఇడో అనే ఇద్దరు వైద్యులు, బొగ్గుగని కార్మికుల్లో వచ్చిన ఈ జబ్బుకు కారణం ఈ సూక్ష్మజీవేనని తేల్చారు. ఆ వెంటనే అది ఎలుకల్లో ఉందనీ చూపించారు.

నాకు ఈ చరిత్రలో బాగా నచ్చేవి పేర్లు. సూక్ష్మజీవి సంగతి తెలియక ముందు జనం దీన్ని ఏమన్నారో చూడండి. జపాన్ వరి రైతులు అకియామి అన్నారు, అంటే శరత్కాలపు జబ్బు, కోతల కాలంలో వచ్చేది. జర్మనీలో బురద జ్వరం. ఆస్ట్రేలియాలో చెరుకు కోత జ్వరం. రోగి ఎక్కడ నిలబడ్డాడో, ఏ కాలంలో ఏం పని చేశాడో ఆ పేర్లలోనే ఉంది. మన దగ్గర మలయాళంలో ఎలిప్పని, తమిళంలో ఎలి కాయ్చల్, మనకు ఎలుక జ్వరం. ఈ పేర్లు తప్పు కాదు. కానీ ఎలుక జ్వరం అనగానే మనవాళ్ళు "నన్ను ఎలుక కరవలేదే" అంటారు. కరవక్కరలేదు. ఈ జబ్బుకు ఎలుక మీ కంటపడనక్కరలేదు కూడా. అందుకే బురద జ్వరం అనే పేరే నిజానికి దగ్గరని నా అభిప్రాయం.

ఎలా వస్తుందో చెప్తాను. ఎలుక మూత్రపిండంలోని సన్నటి నాళాల్లో ఈ పోగులు కాపురం పెడతాయి. ఎలుకకు జ్వరం రాదు, తిండి తగ్గదు, పిల్లలు పెట్టడం ఆగదు. నెలల తరబడి, కొన్నిసార్లు బతికినంత కాలం, మూత్రంతో పాటు వాటిని బయటికి వదులుతూనే ఉంటుంది. ఎండిన నేల మీద పడితే అవి త్వరగానే చస్తాయి. ఎండ, పొడి, బ్లీచింగ్ వాటికి గిట్టవు. అదే తడి నేల, నిలవ నీరు, గోరువెచ్చటి వాతావరణం దొరికితే వారాల తరబడి బతికి ఉంటాయి. ఇక మన వరిమడి సంగతి ఆలోచించండి. నీరు పారదు, నిలుస్తుంది. వెచ్చగా ఉంటుంది. చుట్టూ గట్టు, గట్టు నిండా కలుగులు. దాంట్లో పగిలిన మడమలతో మనిషి. నీళ్ళలో గంటల కొద్దీ నానిన చర్మం దానంతటదే పలచబడుతుంది. ఒరుపులోంచి, గీరులోంచి, కంట్లోంచి, నోట్లోంచి లోపలికి పోతాయి. వారం నుంచి రెండు వారాల మధ్య జ్వరం మొదలవుతుంది, ఒక్కోసారి నెల కూడా పట్టొచ్చు.

గట్టు సంగతి వచ్చింది కాబట్టి ఎలుక గురించి రెండు మాటలు. మనకు ఎలుకంటే ఒకటే ఎలుక. సేద్యం చేసేవాళ్ళకు అలా కాదు. చిట్టెలుక వేరు, మెత్తటి బొచ్చు పొలం ఎలుక వేరు, ఇంటి ఎలుక వేరు, పందికొక్కు వేరు. ఇంగ్లీషువాళ్ళ 'బాండికూట్' అనే మాట మన పందికొక్కు నుంచే వెళ్ళింది. శాస్త్రజ్ఞులు వాడే 'బాండికోటా' అనే పేరూ అదే. ఆ కుటుంబంలో కాస్త చిన్నది, బాండికోటా బెంగాలెన్సిస్, కృష్ణా గోదావరి డెల్టాల్లో వరికి పెద్ద శత్రువు. కలుగు తవ్వి, మూతిని తాజా మట్టితో మూసేస్తుంది. పొద్దున్నే గట్టు మీద తడిమట్టి కుప్ప కనపడితే లోపల ఇది ఉన్నట్టే. వెన్నులు కొరికి లోపలికి లాక్కెళ్ళి దాచుకుంటుంది. కలుగు తవ్వితే ధాన్యం కిలోల లెక్కన దొరకడం మీరూ చూసే ఉంటారు. ఈదుతుంది కూడా. నీళ్ళు పెట్టాం కదా, ఎలుక పోతుందిలే అనుకోవడానికి లేదు. గట్టు వెడల్పుగా, ఎత్తుగా ఉంటే దానికి పెద్ద ఇల్లు కట్టిచ్చినట్టే. అడుగు వెడల్పు దాటకుండా సన్నగా చెక్కితే కలుగు నిలవదు. మా పెదనాయనకు ఈ ముక్క చెప్పింది వ్యవసాయ శాఖవాళ్ళు, పంట నష్టం కోసం. జబ్బు కోసం అని వాళ్ళూ చెప్పలేదు, ఆయనా అనుకోలేదు.

ఒక్క ఎలుక మీదే నేరం మోపడం న్యాయం కాదు. ఆవులు, గేదెలు, పందులు, కుక్కలు కూడా ఈ సూక్ష్మజీవిని మోస్తాయి. దీనిలో 250కి పైగా రకాలున్నాయి. పశువుకు వస్తే పాలు ఉన్నట్టుండి తగ్గుతాయి, చూడి నిలవదు. ఈచుకుపోయిన ఆవుకు పురుడు పోయడానికి ఒట్టి చేతులతో దిగే మా పశువైద్యులకూ, పాలు పితికే వాళ్ళకూ ఈ ముప్పు ఉంది.

మధురై సంగతి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. 1993 చివర్లో అక్కడ వరదలొచ్చాయి. తర్వాతి ఏడాది అరవింద్ కంటి ఆసుపత్రికి కళ్ళు ఎర్రబడి, చూపు మసకబారి ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. కంటి లోపల వాపు. జ్వరం వచ్చి తగ్గిపోయిందని కొందరికే గుర్తుంది. వైద్యులు వెనక్కి తవ్వుకుంటూ వెళ్తే అది ఈ ఎలుక జ్వరం బాక్టీరియా లెప్టోస్పైరా అని తేలింది. ఒంట్లోంచి పోయాక కూడా కంట్లో మిగిలింది. జ్వరం తగ్గిందని ఊరుకున్న మనిషికి నెలల తర్వాత చూపు మసకబారితే, ఆ రెండింటినీ కలిపి చూడాలని ఎవరికి తడుతుంది? ఆ వైద్యులకు తట్టింది. తమిళనాడు వైద్యంలో నేను గౌరవించే పనుల్లో అదొకటి.

మన దేశంలో ఇంకెక్కడంటే, అండమాన్‌లో ఏళ్ళ తరబడి పేరు తెలియని రక్తస్రావ జ్వరంగా తిరిగింది, అక్కడ దీని మీద బాగా పని జరిగింది. గుజరాత్‌లో సూరత్, నవ్సారి, వల్సాడ్ జిల్లాల్లో వరి, చెరుకు పనివాళ్ళకు వానాకాలం జబ్బు అయింది. 1999 ఒడిశా పెనుతుఫాను తర్వాత వచ్చింది. 2005 ముంబై వరద తర్వాత వచ్చింది. 2018 వరదలప్పుడు కేరళ ముందుగానే మేలుకుంది, నీళ్ళలో దిగి సాయం చేసేవాళ్ళకు జబ్బు రాకుండా వారానికోసారి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు పంచింది. ప్రపంచం మొత్తం మీద ఏటా 10 లక్షల 30 వేల మందికి వస్తుందని, 58,900 మంది పోతారని 2015లో అచ్చయిన అంచనా. మా ఊరి ఆమెలాంటివాళ్ళు లెక్కలోకి రారు కాబట్టే అది అంచనా అయింది.

ఎలుక, బాక్టీరియా అనగానే మీలో చాలామందికి ప్లేగు గుర్తొచ్చి ఉంటుంది. 1898లో కరాచీలో పాల్ లూయీ సిమాన్ అనే ఫ్రెంచి వైద్యుడు అది ఎలుక ఒంటి మీది ఫ్లీ అనే చిన్న పురుగు నుంచి వస్తుందని కనిపెట్టాడు. 1994లో సూరత్ ఖాళీ అయిపోయింది, పేపర్లలో చదివారు. ఆ భయం మన మనసుల్లో ఎంత నాటుకుందంటే, ఎలుక జబ్బంటే ఊరంతా ఒకేసారి పడిపోవాలి అనుకుంటాం. ఈ జబ్బు అలా రాదు. ఈ మడిలో ఒకరు, ఆ కాలువలో ఒకరు. ఊరు ఖాళీ కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

దీనికి ఒక తోడు జబ్బుంది, అది చెప్పకపోతే మాట పూర్తి కాదు. స్క్రబ్ టైఫస్. చిత్తూరు, తిరుపతి, వేలూరు వైపు వాళ్ళు ఈ పేరు విని ఉంటారు. ఇదీ బాక్టీరియానే, కానీ మూత్రంతో రాదు. పొదల్లో, గడ్డిలో ఉండే మైట్ అనే ఒక రకం నల్లి పిల్ల కుడితే వస్తుంది, మంచం నల్లి కాదు. కంటికి ఆనదు, మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది. ఈ నల్లి పిల్లలకు ఆహారం ఎలుక ఒంటి నుంచే. ఎలుక చెవుల్లో గుత్తులు గుత్తులుగా పట్టుకుని ఉంటాయి. బాక్టీరియాను మాత్రం తల్లి నల్లి గుడ్లతోనే పిల్లలకు ఇస్తుంది. ఎలుక ఎక్కడ ఎక్కువైతే నల్లి అక్కడ ఎక్కువ. గట్టు మీద గడ్డి కోసే మనిషి, పశువులు కాసే మనిషి, పొదల్లో కూర్చుని లేచే మనిషి కుట్టించుకుంటారు. కుట్టిన చోట నొప్పి ఉండదు. కొన్ని రోజులకు సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. అది ఉండేది చంకలో, గజ్జల్లో, మొలతాడు కింద, రొమ్ము కింద. ఆడవాళ్ళు చూపించడానికి సిగ్గుపడతారు, డాక్టరు అడగడానికి మొహమాటపడతాడు. ఆ మొహమాటం మధ్యలో మనిషి పోతాడు. ఇంట్లో ఎవరికైనా అయిదు రోజులు దాటిన జ్వరం ఉంటే అమ్మో, అక్కో, భార్యో ఒళ్ళంతా ఒకసారి చూడాలి. దీనికి పెన్సిలిన్ పనిచేయదు, డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. లెప్టోకూ అది పనిచేస్తుంది. చవకైన పాత మందు.

ఇప్పుడు చెన్నై ఆసుపత్రుల్లో పరిస్థితి ఏమిటంటే, వానాకాలంలో జ్వరమంటే డెంగీ. ప్లేట్‌లెట్లు తగ్గాయంటే డెంగీయే. లెప్టోలోనూ, స్క్రబ్ టైఫస్‌లోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయమ్మా. డెంగీకి యాంటీబయాటిక్ అక్కర్లేదు, వీటికి అదే ప్రాణం. లెప్టోకు మనం చేయించే రక్తపరీక్ష మొదటి అయిదారు రోజుల్లో చాలాసార్లు ఏమీ చూపించదు. పరీక్షలో లేదని వచ్చింది కదా అని వదిలేస్తే, మూత్రపిండాలో ఊపిరితిత్తులో దెబ్బతిన్నాక అదే పరీక్ష ఉందని చెప్తుంది. అందుకే అనుమానం వచ్చిన రోజే మందు మొదలుపెట్టాలి. ఆ అనుమానం రావాలంటే మీరు డాక్టరుకు ఒక మాట అందించాలి. "సార్, నాలుగు రోజులుగా జ్వరం" అని ఆపకండి. "పది రోజుల కింద ఊరెళ్ళి మడిలో దిగాను," "కాలువ పూడిక తీశాను," "వానకు ఇంట్లో చేరిన నీళ్ళు చేత్తో ఎత్తిపోశాను," "గొడ్డుకు పురుడు పోశాను." డాక్టరు అడగకపోయినా చెప్పండి. ఏం తిన్నామో చెప్పడం మనకు అలవాటే, కాళ్ళు ఎక్కడ దిగాయో చెప్పడం అలవాటు లేదు.

ఇక ఎలుకల్ని ఏం చేద్దాం? విషం పెడదాం అంటారు. పెట్టొచ్చు, పద్ధతి ఉంది. నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, బ్రోమోడయోలోన్ పొడి 2 పాళ్ళు. జింక్ ఫాస్ఫైడ్ పెడితే ఒకటి చచ్చాక మిగతావి ఆ ఎర ముట్టవు, ముందు రెండు రోజులు విషం లేని ఎర అలవాటు చేయాలి. పైరు పొట్టకొచ్చాక ఏ ఎర పెట్టినా దండగ, దానికి అంతకన్నా రుచైనది చేల్లోనే ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, ఊరంతా ఒకే రోజుల్లో చేయాలి. మీ మూడెకరాల్లో మీరొక్కరే చంపితే పక్క పొలంవి వచ్చి ఆ కలుగుల్లో చేరతాయి. చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఒట్టి చేత్తో విసిరేయకండి. గుడ్లగూబలు వాలడానికి కర్రలు పాతడం చాలా మంచి పని, కానీ గుడ్లగూబ వాలితే అరిష్టమని ఆ కర్రలు పీకేసిన ఊరు నాకు తెలుసు. ఏం చేసినా పొలంలో ఎలుక లేకుండా పోదు. తగ్గుతుంది. జబ్బూ తగ్గుతుంది, పోదు.

గోదావరి వైపు వెదురు బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవాళ్ళున్నారు, తంజావూరు వైపు విల్లు బుట్టలు పెడతారు. మన నెల్లూరు వైపు యానాదులు, ఇక్కడ చెంగల్పట్టు వైపు ఇరుళర్లు. కుండలో పొగబెట్టి కలుగులోకి ఊది, మట్టి తవ్వి, చేయి పెట్టి ఎలుకను పట్టుకుంటారు. ఏ విషం చేయలేని పని వాళ్ళు చేస్తారు, ఏ కలుగులో ఉందో లేదో మట్టి చూసి చెప్తారు. మన ధాన్యం వాళ్ళ వల్ల మిగులుతుంది. తవ్వేది వాళ్ళు, చేయి పెట్టేది వాళ్ళు, కరిపించుకునేది వాళ్ళు. ఎలుక మాంసం తింటారని మనవాళ్ళు చిన్నచూపు చూస్తారు. ఉడికిన మాంసంతో ఈ జబ్బు రాదు. పట్టేటప్పుడు, కోసేటప్పుడు వస్తుంది. వాళ్ళకు జ్వరమొస్తే ఆసుపత్రిలో ఎంత మర్యాద దొరుకుతుందో మనకు తెలుసు. మన పొలంలో ఎలుకలు పట్టే మనిషికి ఎలుకకింతని డబ్బులిచ్చి పంపేస్తాం. ఒక జత మందపాటి చేతొడుగులు, ఓ సబ్బు ఇచ్చామా? నేను ఇవ్వలేదు, చాలా ఏళ్ళు. ఇప్పుడిస్తున్నాను.

పుస్తకాల్లో రబ్బరు బూట్లు వేసుకోమని రాస్తారు. నాటు వేసే ఆడమనిషికి బూట్లు ఇచ్చి చూడండి, మూడో అడుగుకు బూటు బురదలో ఉండిపోతుంది, కాలు బయటికొస్తుంది. అది చెప్పి పంపేస్తే మన బాధ్యత తీరినట్టు కాదు. జరిగే పనులు చెప్తాను. కాలికి దెబ్బ ఉన్నవాళ్ళను ఆ వారం గట్టు మీది పనికి పెట్టమని, కూలి తగ్గించొద్దని కౌలుదారుకు చెప్పండి. చిన్న గీరైతే నీళ్ళు తగలని ప్లాస్టర్ వేసుకుని దిగాలి. మడి నీళ్ళతో ముఖం కడగకూడదు, పుక్కిలించకూడదు. పని అయ్యాక బోరు దగ్గర సబ్బుతో కాళ్ళూ చేతులూ కడుక్కునే వీలు చేయాలి. చాలా పొలాల్లో బోరుంది, కూలీలను దాని దగ్గరికి రానివ్వరు. అది మన చేతిలో ఉన్న పని. జ్వరం వస్తే మూడో రోజు దాటకుండా పిహెచ్‌సీకి వెళ్ళాలి, వెళ్ళి ఏ పని చేశామో చెప్పాలి. ఆ రోజు కూలి పోతుందని వెళ్ళరు. ఆ ఒక్క రోజు కూలి మనం ఇస్తే?

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ అనే చోట 1935లో చెరుకు కోత కూలీలు ఈ జబ్బు మీదే సమ్మె చేశారు. కోతకు ముందు తోట కాలిస్తే ఎలుకలు పోతాయి, ఆకు గీరుకోదు, కాల్చకపోతే మేము కొయ్యం అన్నారు. కాల్చితే చక్కెర దిగుబడి తగ్గుతుందని మిల్లులవాళ్ళు ఒప్పుకోలేదు. కూలీలు వారాల తరబడి పట్టుబట్టారు. తొంభై ఏళ్ళ కిందట కోత కూలీలకు ఈ జబ్బు పని వల్ల వస్తుందని తెలుసు, పని ఇచ్చేవాడి బాధ్యత అని తెలుసు. మన నాట్ల ముఠాలకు ఆ సంగతి చెప్పినవాళ్ళు లేరు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. అడగాల్సినవి ఉంటే అడగండి.

(వెనక వరసలోంచి ఒకరు: మేము వేళచ్చేరిలో ఉంటాం. వానొస్తే వీధిలో నీళ్ళు నిలుస్తాయి. మాకూ ప్రమాదమేనా?)

ప్రమాదమేనండీ. 2015 డిసెంబరులో, 2023లో మిచౌంగ్ తుఫానుకు ఏ నీళ్ళలో నడిచామో మనందరికీ గుర్తుంది. మురుగు కాలువ, ఎలుక కలుగు, వాన నీరు అన్నీ కలిసిన నీళ్ళవి. ఇక్కడ బూట్లు పనికొస్తాయి, రోడ్డు గట్టిగా ఉంటుంది కాబట్టి. దెబ్బ ఉంటే దిగకండి. తప్పనిసరిగా దిగినవాళ్ళు రాగానే సబ్బుతో కడుక్కోండి, నీళ్ళు తీసిన గదిని బ్లీచింగ్‌తో కడగండి. రోజుల తరబడి నీళ్ళలో ఉండాల్సివస్తే ముందు జాగ్రత్త మాత్ర అవసరమా అని డాక్టరును అడగండి. ఎవరికి వారే కొనుక్కుని మింగకండి, గర్భిణులకూ చిన్నపిల్లలకూ అది ఇవ్వరు. మన కాలువల్లో దిగే కార్పొరేషన్ పనివాళ్ళను మాత్రం మర్చిపోకండి. మనం ఒక రోజు దిగుతాం, వాళ్ళు ఏడాదంతా.

(ఒక మహిళ: అమ్మా, కుక్కకు టీకా ఉందన్నారు, మనుషులకు లేదా?)

కుక్కలకు ఉంది, ఏటా వేయించాలి. మీ ఇంట్లో కుక్క ఉంటే ఈ నెలలోనే చూసుకోండి. మనుషులకు క్యూబా, చైనా, ఫ్రాన్సు లాంటి కొన్ని దేశాల్లో టీకాలు వాడారు. అన్ని రకాలకూ పనిచేసేది లేదు, మన దగ్గర వాడుకలో లేదు.

(అదే మహిళ: ఒకసారి వచ్చి తగ్గితే మళ్ళీ రాదు కదా?)

వస్తుందమ్మా, రావచ్చు. ఒంట్లో తయారయ్యే రక్షణ ఏ రకం వచ్చిందో ఎక్కువగా దానికే. ఇంకో రకం వస్తే మళ్ళీ మొదటికే. మా పెదనాయనకు మాత్రం మళ్ళీ రాలేదు. తర్వాత పద్నాలుగేళ్ళు సేద్యం చేశాడు, వద్దన్నా మడిలో దిగాడు. ఒకసారి పన్ను నొప్పని నాయుడుపేటలో డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. కుర్చీలో కూర్చోగానే, నోరు తెరవమనక ముందే, "అయ్యా, నేను వరి మళ్ళో దిగే మనిషిని, నిన్న కూడా దిగాను, రాసుకో" అన్నాడు. ఆ డాక్టరు రాసుకున్నాడు.